‘ఎస్టీలు లేచి నిలబడండి’ అన్నాక లెక్క ఎందుకు తప్పుతుంది?



స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు తరగతి గదిలో ఏం జరుగుతుందో మీలో చాలామందికి తెలుసు. అటెండర్ కాగితం తెచ్చి ఇస్తాడు. సార్ చదువుకుని, తలెత్తి, "ఎస్టీలు ఎవరెవరు? లేచి నిలబడండి" అంటాడు. కొందరు లేస్తారు. ఒకడు సగం లేచి మళ్లీ కూర్చుంటాడు. వెనక బెంచీలో ఎవడో ఏదో గొణుగుతాడు, ఇద్దరు నవ్వుతారు. సార్ పేర్లు రాసుకుని, తల లెక్క సరిపోయిందో లేదో చూసుకుని, కూర్చోమంటాడు. మొత్తం రెండు నిమిషాల పని. సార్‌కి చెడు ఉద్దేశం ఏమీ లేదు. పైగా మన పిల్లలకు డబ్బులు వచ్చే పనే చేస్తున్నాడు.

తర్వాత పీరియడ్ లెక్కలు.

అవమానాల గురించి ఈ పేజీలో చాలా రాశాం, ఇంకా రాస్తాం. ఈసారి అడిగేది కాస్త వేరే ప్రశ్న. వెనక బెంచీ నవ్వు వినపడని పిల్లవాడు ఉంటాడు. "నాకేం అనిపించలేదు" అని నిజాయితీగా చెప్పే అమ్మాయి ఉంటుంది. వాళ్ల మీద కూడా ఆ రెండు నిమిషాలు పని చేస్తాయా? పని చేస్తే ఎందుకు ఒకరి మీద ఎక్కువ, మరొకరి మీద తక్కువ? దీనికి జవాబు మన దేశంలోనే, దాదాపు ఇదే తరగతి గదిలో, వెతికినవాళ్లు ఉన్నారు.

ప్రపంచ బ్యాంకు పరిశోధకులు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఒక ప్రయోగం చేసి 2004లో ఫలితాలు ప్రకటించారు. 321 మంది పై కులాల మగపిల్లలు, 321 మంది కింది కులాలుగా చూడబడే మగపిల్లలు. అందరూ ఆరు, ఏడు తరగతుల ఈడువాళ్లు. పిల్లల పత్రికల్లో 'కుందేలుకు దారి చూపండి' అని వస్తాయి చూడండి, అలాంటి చిక్కుదారి బొమ్మలు ఇచ్చారు. ఎన్ని పూర్తి చేస్తే అన్ని డబ్బులు. చదువుతో, ట్యూషన్‌తో, ఇంట్లో పుస్తకాలు ఉండటంతో పెద్దగా సంబంధం లేని పని అని కావాలనే అది ఎంచుకున్నారు.

కొన్ని గుంపుల్లో ఎవరి కులమూ ఎవరూ పైకి చెప్పలేదు. అక్కడ పై కులాల పిల్లలకీ, కింది కులాల పిల్లలకీ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇద్దరూ సమానంగా దారి కనుక్కున్నారు. మరికొన్ని గుంపుల్లో ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, కులం అందరి ముందూ చదివారు. తిట్టలేదు, వెక్కిరించలేదు. మన హాజరు పట్టీలో, మన స్కాలర్‌షిప్ ఫారంలో ఉండే వివరాలే చదివారు. అంతే, రెండు వర్గాల మధ్య పెద్ద అంతరం వచ్చేసింది. నిన్నటి దాకా ఉన్న తెలివి ఆ కాసిన్ని నిమిషాల్లో ఎక్కడికి పోయినట్టు?

ఇక్కడిదాకా విని చాలామంది "చూశారా, మన పిల్లల్లో ఆత్మవిశ్వాసం లేదు" అనేస్తారు. ఆగండి. ఆ ప్రయోగంలో ఇంకో మెలిక ఉంది, అసలు సంగతి దాంట్లోనే ఉంది. కొన్ని గుంపుల్లో ప్రతిఫలం దక్కే విషయాన్ని మనుషుల చేతిలో పెట్టకుండా చీటీ తీసే పద్ధతి పెట్టారు. కులం అందరి ముందూ చెప్పినా సరే, అక్కడ ఆ అంతరం మాయమైంది. అంటే ఏమిటి? ఆ పిల్లల్లో లోపం లేదు. గదిలో కులం పేరు వినపడగానే 'ఇక్కడ మనకు న్యాయం జరగదు' అని లోపల ఎవరో లెక్క వేసేశారు. చీటీకి కులం తెలియదు కాబట్టి, చీటీ దగ్గర ఆ లెక్క మారిపోయింది. ఆ లెక్క వేసింది పిల్లవాడే. కానీ వేసినట్టు వాడికి తెలియదు. అడిగితే "బొమ్మ కష్టంగా ఉంది సార్" అంటాడు.

ఆ ప్రయోగం ఆదివాసీ పిల్లల కోసం చేసింది కాదు. అయినా పేరు, ఊరు, కులం వరసగా చదివితే ఏం తడుముకోవాలో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దీనికి ముందే, 1995లో, అమెరికాలో క్లాడ్ స్టీల్, జాషువా అరాన్సన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు నల్లజాతి విద్యార్థులతో ఇలాంటిదే చూపించారు. ఒకే ప్రశ్నపత్రం. 'ఇది మీ తెలివిని కొలిచే పరీక్ష' అని చెబితే ఒక ఫలితం, 'ఇది ఊరికే సమస్యలు పరిష్కరించే అభ్యాసం' అంటే ఇంకో ఫలితం. వాళ్ల ప్రయోగాల్లో ఒకటి మనకు మరీ దగ్గరగా ఉంటుంది: పరీక్షకు ముందు ఫారంలో జాతి ఏమిటో రాయమని అడిగారు. ఆ ఒక్క గడి నింపడమే సరిపోయింది, మార్కులు తగ్గడానికి. ఇంకెవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు 'నేను' అన్న మాట దగ్గరికి రావాలి.

మన మనసులో 'నేను' ఒక్కటే ఉంటుందనుకుంటాం. గమనించి చూడండి. దండారి రోజుల్లో నెమలి ఈకల కిరీటం పెట్టుకుని గుస్సాడీ ఆడే గోండు యువకుడు ఊరూరా ఇంటి ముందుకు వస్తుంటే పెద్దలే వాడికి దారి ఇస్తారు. అదే యువకుడు పది రోజుల తర్వాత పోడు పట్టా కోసం తహసీల్దార్ ఆఫీసు గడప దగ్గర చెప్పులు విప్పి నిలబడతాడు. చెప్పులు విప్పమని అక్కడ ఎవరూ అడగలేదు. బోర్డు కూడా లేదు. కాళ్లు వాటంతట అవే విప్పేస్తాయి. మేడారం జాతరలో గద్దె దగ్గర గొంతెత్తి మాట్లాడే కోయ మనిషి బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫారం ముందు గొంతు తగ్గించి "సార్, కొంచెం రాసిపెట్టరా" అంటాడు, ఆయనకు రాయడం వచ్చు కూడా. ఇద్దరు మనుషులా? ఒక్కడే. ఆ చోట లోపల వెలిగిన 'నేను' వేరు.

దీన్నే క్రిస్టియన్ వీలర్, కెన్నెత్ డిమరీ, రిచర్డ్ పెటీ అనే పరిశోధకులు 2007లో ఒక సిద్ధాంతంగా పెట్టారు. మనిషి దగ్గర తన గురించిన భావాల రాశి పెద్దది. ఏ క్షణంలోనైనా అందులో కొంత భాగమే పైకి వచ్చి పని చేస్తుంది. బయటి నుంచి వచ్చే చిన్న మాట, బొమ్మ, సైగ, ఈ పైకి వచ్చే భాగాన్ని మారుస్తుంది. నడక, గొంతు, ప్రయత్నం దాని వెంటే మారతాయి. కాబట్టి ఒకే మాట అందరి మీదా ఒకేలా పని చేయదు. ఆ మాటకు తగులుకునే కొక్కెం లోపల ఉందా, ఆ కొక్కెం ఎంత బలంగా ఉంది అన్నదాన్ని బట్టి పని చేస్తుంది. ఆ కొక్కేలు ఎవరు దిగ్గొట్టారన్నది మాత్రం సైకాలజీ కన్నా చరిత్రకు ఎక్కువ తెలుసు.

హార్వర్డ్‌లో మార్గరెట్ షీ, ఆమె సహచరులు 1999లో ఆసియా మూలాలున్న అమెరికన్ అమ్మాయిలతో చేసిన ప్రయోగం దీన్ని చక్కగా చూపిస్తుంది. 'ఆసియా వాళ్లు లెక్కల్లో గట్టివాళ్లు' అని అక్కడ ఒక మూసమాట. 'ఆడపిల్లలకు లెక్కలు రావు' అని ఇంకో మూసమాట. ఒకే అమ్మాయిలో రెండూ. లెక్కల పరీక్షకు ముందు కుటుంబం, భాష గురించి ప్రశ్నలు అడిగి ఆసియా గుర్తింపును కదిపితే మార్కులు బాగా వచ్చాయి. ఆడపిల్ల అన్న గుర్తింపును కదిపితే తగ్గాయి. తర్వాత 2014లో ఇంకొందరు దీన్ని పెద్ద ఎత్తున మళ్లీ చేసినప్పుడు, ఆ మూసమాటలు తెలిసిన అమ్మాయిల్లోనే ఈ తేడా కనిపించింది. మాట తెలియకపోతే కొక్కెం లేదు.

మరి మన పిల్లలకు ఆ మూసమాటలు ఎక్కడి నుంచి తెలుస్తున్నాయి? బయట వెతకనక్కర్లేదు. తెలుగు భాషే సరిపోతుంది.

రోజూ పేపర్ చూడండి. ఎక్కడైనా గుంపు కలిసి ఒకణ్ని కొట్టి చంపితే అది 'ఆటవిక చర్య'. ప్రతిపక్షానికి ప్రభుత్వం నచ్చకపోతే అది 'ఆటవిక పాలన'. ఆడపిల్ల మీద ఘోరం జరిగితే 'ఆటవిక న్యాయం కావాలా' అని చర్చ. అడవిలో ఉండేవాడు అన్న మాటకు తెలుగులో వచ్చి పడ్డ అర్థం ఇది. ఆ దారుణాలన్నీ జరిగింది పట్నాల్లో, చేసింది పట్నం మనుషులు, పేరు మాత్రం అడవిది! ఇది రాసే విలేకరికి మన మీద పగేమీ లేదు. ఆయనకు అది ఒక విశేషణం, అంతే. కానీ ఆశ్రమ పాఠశాల లైబ్రరీలో ఆ పేపర్ చదివే ఎనిమిదో తరగతి కోలాం అమ్మాయికి అది వట్టి విశేషణంగా దిగుతుందా?

తర్వాత సినిమా. కోయదొర అంటే తెలుగు ప్రేక్షకుడికి ఏం గుర్తొస్తుంది? ఈకలు, పూసలు, వంకర తెలుగు, జోస్యం. హీరో మారువేషం వేసుకోవడానికి పనికొచ్చే వేషం. కోయ టీచర్, కోయ నర్సు, కోయ సర్పంచ్ ఎన్ని సినిమాల్లో కనిపించారు? వేళ్ల మీద లెక్కపెట్టడానికి కూడా వేళ్లు మిగిలిపోతాయి. ఎరుకల సోదరుల సంగతి మరీ ఘోరం. 1871లో బ్రిటిష్ వాడు చేసిన నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. స్టూవర్టుపురం అన్న ఊరి పేరును మాత్రం సినిమా రద్దు చేయలేదు. పుట్టిన ఊరి పేరు చెప్పాలంటే గొంతు తడబడే పరిస్థితి ఒక చట్టం పోయినంత మాత్రాన పోదు.

"మంచిగా చూపిస్తే సరిపోతుందిగా" అంటారా? ఇక్కడే మన అంచనాలు తప్పుతాయి. టులాలిప్ తెగకు చెందిన సైకాలజిస్టు స్టెఫనీ ఫ్రైబర్గ్, ఆమె సహచరులు 2008లో ప్రచురించిన పరిశోధన గురించి మన ఉద్యమంలో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. అమెరికాలో ఆటల జట్లకు అక్కడి ఆదివాసుల బొమ్మలు గుర్తులుగా పెట్టుకునే అలవాటు ఉండేది. క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టుకు చీఫ్ వాహూ అని ఎర్రటి ముఖం, ఈక, పళ్లికిలించే నవ్వు ఉన్న బొమ్మ. ఇంకో వైపు డిస్నీ వాళ్ల పోకహాంటస్, అందమైన రాకుమారి బొమ్మ. ఈ బొమ్మలను ఆదివాసీ విద్యార్థులకు చూపించి, వాళ్ల ఆత్మగౌరవం, తమ సమాజం విలువ మీద వాళ్ల భావన, రేపు తాము ఏం కాగలమన్న ఊహలు ఎలా మారుతున్నాయో చూశారు. అన్నీ తగ్గాయి. చాలామంది ఆ బొమ్మల గురించి మంచిగానే చెప్పారు. పైకి 'బాగుంది' అన్నారు. లోపల 'నేను రేపు ఏమవుతాను' అన్న జాబితా చిన్నదైపోయింది. ఎందుకంటే ఆ బొమ్మల్లో డాక్టర్ లేడు, ఇంజనీర్ లేడు. బొమ్మ ఎంత అందంగా ఉన్నా, అది ఒక్కటే ఉంటే అదొక గోడ.

అక్కడి ఆదివాసీ సంఘాలు దశాబ్దాలు పోరాడాయి. అమెరికన్ సైకాలజిస్టుల సంఘం 2005లోనే ఈ గుర్తులు తీసేయాలని తీర్మానం చేసింది. 2019 సీజన్ నుంచి చీఫ్ వాహూ ఆటగాళ్ల చొక్కాల మీద లేడు, ఆ తర్వాత ఆ జట్టు పేరే మారింది. వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు 2020లో తన పాత పేరు వదిలేసింది.

ఇక మన వైపు చూసుకుందాం. మంత్రి వస్తే హెలిప్యాడ్ దగ్గర థింసా. టూరిజం పోస్టర్ మీద థింసా. ఆగస్టు 9న కలెక్టరేట్‌లో థింసా, కొమ్ము నృత్యం, గుస్సాడీ, ఫొటోలు, భోజనాలు. ఆడటం మన ప్రాణం, దాన్ని మానమని ఎవడన్నా అంటే ముందు నేనే ఊరుకోను. కానీ పంటకీ పండక్కీ మనకోసం మనం ఆడేది ఒకటి, ఆఫీసర్ల కుర్చీల ముందు ఆడించేది ఒకటి. రెండోదాన్ని చూస్తూ పెరిగే పిల్లకు 'మనం ఆడి చూపించేవాళ్లం, కుర్చీలో కూర్చునేవాళ్లు వేరే' అన్న పాఠం ఎవరూ చెప్పకుండానే వచ్చేస్తుంది.

ఇంకో మాట, మన వాళ్లకు కోపం వచ్చినా సరే చెప్పాలి. మన కరపత్రాలు, మన బ్యానర్లు తీసి చూడండి. 'అమాయక గిరిజనులు', 'అభం శుభం తెలియని అడవి బిడ్డలు', 'మారుమూల', 'నోరు లేని'. ఇవి పేపర్ల వాళ్ల మాటలు. మనం అరువు తెచ్చుకుని మనమే అచ్చు వేస్తున్నాం. జాలి పుట్టిస్తే పని జరుగుతుందని ఆశ. 1/70 చట్టం కోసం, బాక్సైట్‌కు వ్యతిరేకంగా ఇన్నేళ్లు కొట్లాడినవాళ్లు అమాయకులెట్లా అవుతారు? 1997లో సుప్రీంకోర్టు దాకా పోయి సమత తీర్పు తెచ్చుకున్న ఉద్యమానికి నోరు లేదా? 'మారుమూల' అంటే దేనికి మూల? మన ఊరు మనకు నడిమధ్యలోనే ఉంది. హైదరాబాద్ నుంచి చూస్తే కదా అది మూల! ఈ మాటలు చదివేది ఆఫీసర్లే అనుకుంటాం. చదివేవాళ్లలో మన పిల్లలే ఎక్కువ.

ఇప్పుడు ఒక జాగ్రత్త. ఈ మధ్య మన హాస్టళ్లకు కూడా మోటివేషన్ స్పీకర్లు వస్తున్నారు. 'మీ సబ్‌కాన్షస్ మైండ్‌ను మార్చుకోండి, మీ జీవితం మారిపోతుంది' అని మైకులో అరిచి, చప్పట్లు కొట్టించి వెళ్తున్నారు. మనం చెప్పేది అదే అనుకుంటే పొరపాటు.

తెలియకుండా పని చేసే ప్రభావాల మీద వచ్చిన పరిశోధనంతా గట్టిది కాదు. 1996లో న్యూయార్క్‌లో జాన్ బార్ అనే సైకాలజిస్టు బృందం ఒక ప్రసిద్ధ ప్రయోగం చేసింది: ముసలితనాన్ని గుర్తు చేసే మాటలతో వాక్యాలు తయారు చేసిన విద్యార్థులు, ఆ తర్వాత వరండాలో నెమ్మదిగా నడిచారని. ప్రతి పుస్తకంలోనూ రాశారు. 2012లో బెల్జియంలో స్టెఫాన్ డోయెన్, అతని సహచరులు మనిషి చేతి గడియారం బదులు ఇన్‌ఫ్రారెడ్ పరికరంతో కొలిచి చూస్తే ఆ ఫలితం రాలేదు. ఇంకో విడత గడియారం పట్టుకునేవాళ్లకు ముందే 'వీళ్లు నెమ్మదిగా నడుస్తారు' అని చెప్పి ఉంచితే, అప్పుడు మాత్రం నెమ్మది కనిపించింది! ఆ ఏడాదే నోబెల్ గ్రహీత డేనియల్ కానెమన్ ఈ రంగం వాళ్లకు బహిరంగ లేఖ రాసి, మీ ఇల్లు మీరే చక్కబెట్టుకోండి, ఫలితాలను మళ్లీ మళ్లీ పరీక్షించండి అని హెచ్చరించాడు. స్టీల్, అరాన్సన్ చూపించిన ప్రభావం కూడా కొన్ని పెద్ద అధ్యయనాల్లో చిన్నదిగానో, లేనట్టుగానో వచ్చింది.

మరి ఇదంతా ఎందుకు చెప్తున్నావు అంటారా? రెండు కారణాలు. ఒకటి, మనం అబద్ధం మీద ఉద్యమం కట్టకూడదు. పిల్లవాడి మార్కులు తగ్గడానికి మొదటి కారణాలు కళ్ల ముందే ఉన్నాయి: సార్ రాడు, పుస్తకం ఆలస్యం, రక్తహీనత, అర్థం కాని భాష. వాటిని వదిలేసి 'మైండ్‌సెట్' అంటే అది ప్రభుత్వానికి సుఖం. రెండోది, ఆ బెల్జియం ప్రయోగంలోనే మనకు కావాల్సింది ఉంది. గడియారం పట్టుకున్నవాడి నమ్మకం నడిచేవాడి నడకలోకి, నడకను కొలిచే కొలతలోకి పాకింది. మన స్కూళ్లలో గడియారం ఎవరి చేతిలో ఉంది? 'వీళ్లకు ఎంత చెప్పినా ఇంతే' అని నమ్మే మనిషి చేతిలో ఉంటే, పేపర్ దిద్దేటప్పుడు ఏమవుతుంది, బోర్డు మీదికి పిలిచేటప్పుడు ఎవరిని పిలుస్తాడు, తప్పు జవాబు వస్తే ఎన్ని క్షణాలు ఆగుతాడు?

'మనవాళ్లు గట్టిపడాలి, ఎవడేమన్నా పట్టించుకోకూడదు' అని పెద్దలు చెబుతుంటారు. నాకు అది ఒప్పదు. స్టీల్ రాసినదాంట్లో ఒక చేదు విషయం ఉంది: ఈ దెబ్బ చదువు అంటే ప్రాణం పెట్టే పిల్లలకే ఎక్కువ తగులుతుంది. చదువును వదిలేసినవాడికి పోయేదేం లేదు, వాడికి భయమూ లేదు. ఐఐటీ మొదటి సంవత్సరంలో లైబ్రరీలో కూర్చుని, తన ఒక్కడి తప్పుతో తెగ మొత్తానికి మచ్చ పడుతుందేమో అని రెండుసార్లు, మూడుసార్లు సరిచూసుకునే కుర్రాడే ఎక్కువ అలసిపోతాడు. అలాంటి వాణ్ని 'గట్టిపడు' అనడం అంటే మోస్తున్న మూట మీద ఇంకో మూట పెట్టడం. మనలో అర్ధంతరంగా చదువు మానేసి వచ్చినవాళ్లను ఎప్పుడైనా కూర్చోబెట్టి అడగండి. చాలామంది మొదటి ఇంటర్నల్స్ దాకా బాగానే ఉన్నామంటారు. ర్యాంకు అడగడం మొదలైనప్పటి నుంచే గదిలో మాట్లాడటం తగ్గించామంటారు.

ర్యాంకు అడగడం అంటే కులం అడగడమే, మర్యాదగా. 2023లో ఐఐటీ బొంబాయి తన విద్యార్థులకు జారీ చేసిన మార్గదర్శకాల్లో ఒకరి జేఈఈ ర్యాంకు ఇంకొకరు అడగడం తగదని రాయాల్సి వచ్చింది. ఆలస్యంగానైనా రాశారు. మన రాష్ట్రాల ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీల్లో ఆ మాత్రం కాగితం కూడా ఎన్ని చోట్ల గోడ మీద ఉందో వెళ్లి చూడండి.

జైపాల్ సింగ్ ముండా సంగతి మీకు తెలుసు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ హాకీ జట్టు కెప్టెన్, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, నేను జంగ్లీనని గర్వంగా చెప్పుకున్నాడు. ప్రజాస్వామ్యం మీరు మాకు నేర్పనక్కర్లేదు, మా దగ్గర నేర్చుకోండి అన్న అర్థంలో మాట్లాడాడు. దీన్ని చాలామంది ఆత్మవిశ్వాసానికి ఉదాహరణగా చెబుతారు. నేను ఇంకోలా చూస్తాను. 'జంగ్లీ' అన్న మాట ఆ సభలో అందరి మనసుల్లో పైకి చెప్పకుండా తిరుగుతోంది. చెప్పనంతసేపు దానికి బలం. ఆయన దాన్ని బయటికి లాగి బల్ల మీద పెట్టాడు. అప్పుడది అందరికీ కనిపించే వస్తువైంది, వాదించదగ్గ మాటైంది. తెలియకుండా పని చేసేదాన్ని తెలిసేలా చేయడం ఒక పద్ధతి, అది పని చేస్తుంది. కానీ పన్నెండేళ్ల పిల్లను తరగతి గదిలో జైపాల్ సింగ్ కమ్మని అడగలేం. ఆయన వెనక ఆదివాసీ మహాసభ ఉంది. ఆ పిల్ల వెనక ఆ బెంచీ మీద ఎవరూ లేరు.

కాబట్టి ఉత్తరప్రదేశ్ ప్రయోగంలోని చీటీని గుర్తుంచుకోండి. పిల్లల మనసు మార్చలేదు, నియమం మార్చారు. అంతరం పోయింది. మన కోర్కెలు కూడా నియమాల మీదే ఉండాలి.

టీచర్లుగా పని చేస్తున్న మిత్రులకు: స్కాలర్‌షిప్ వివరాలు అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్నాయి. అందులోంచి పేర్లు రాసుకుని ఫారాలు ఆఫీసు గదిలో ఒక్కొక్కరికీ ఇవ్వొచ్చు. ఎవరినీ లేపనక్కర్లేదు. నోటీసు బోర్డు మీద మార్కుల జాబితాలో కేటగిరీ కాలమ్ అనవసరం. యూనిట్ టెస్టు పేపర్ మీద పేరు బదులు నంబరు రాయించి దిద్ది చూడండి, పబ్లిక్ పరీక్షల్లో చేసేది అదే కదా. వీటిలో ఏ ఒక్కదానికీ పైసా ఖర్చు లేదు, జీవో అక్కర్లేదు.

సంఘాల నాయకులకు: 'అమాయక' అన్న మాట మన లెటర్‌ప్యాడ్ల మీద నుంచి ఈ నెలలోనే పోవాలి. 'ఆటవిక' అన్న మాట తిట్టుగా వాడిన ప్రతి పత్రికకు, ప్రతి నాయకుడికి ఉత్తరం రాద్దాం. నవ్వుతారు, తెలుసు. క్లీవ్‌లాండ్‌లో కూడా మొదట్లో నవ్వారు.

అన్నిటికన్నా పెద్దది టీచర్ పోస్టు. పిల్ల నోట్లో కోయ మాట వచ్చినప్పుడు 'తెలుగులో మాట్లాడు' అని కసిరే టీచర్ ముందు ఒక 'నేను' వెలుగుతుంది. అదే మాటకు కోయలోనే జవాబు ఇచ్చి, ఆ వెంటనే భిన్నాలు చెప్పే టీచర్ ముందు ఇంకో 'నేను' వెలుగుతుంది. రెండో గదిలో 'కోయ', 'లెక్కలు' అన్నవి ఒకదానికొకటి శత్రువులు కావు. ఈ సంగతి కొత్తగా కనిపెట్టింది కాదు. 1940లో కొమురం భీమ్‌ను చంపాక నిజాం సర్కారు పిలిపించిన హైమన్‌డార్ఫ్, 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించాడు. గోండు పిల్లలకు గోండు టీచర్. రాజరికంలో సాధ్యమైంది అది.

మన కాలంలో దానికి దగ్గరగా ఉన్నది 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3. షెడ్యూల్డ్ ప్రాంతాల స్కూళ్లలో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక ఆదివాసులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు మీద చర్చ అంతా ఉద్యోగాల లెక్క చుట్టూనే నడిచింది: మనకెన్ని పోయాయి, వాళ్లకెన్ని వచ్చాయి. ఉద్యోగం మనిషికి అన్నం, ఆ లెక్క తప్పని నేను అనను. కానీ ఆ గదిలో కూర్చున్న ముప్పై మంది పిల్లల వైపు నుంచి వాదన ఆ చర్చలో బలంగా వినపడలేదు. వాళ్ల ముందు ఎవరు నిలబడతారన్నదాన్ని బట్టి వాళ్ల లోపల ఎవరు లేచి నిలబడతారో నిర్ణయమవుతుందని ఏ అఫిడవిట్‌లోనూ బలంగా పెట్టలేకపోయాం.

ఐదో షెడ్యూల్ కింద ఆదివాసీ సలహా మండలి ఉంది. దాని సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు ఆదివాసీ ఎమ్మెల్యేలు. రెండు రాష్ట్రాల్లోనూ మన ఓట్లతో గెలిచి ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఉన్నారు. తీర్పుకు నిలబడే కొత్త నియామక చట్టం ముసాయిదా ఎప్పుడు చర్చకు పెడతారో, అందులో పిల్లల భాష తెలిసి ఉండాలన్న అర్హత పెడతారో లేదో, మీ నియోజకవర్గం ఎమ్మెల్యేను ఈ నెల గ్రామసభకు పిలిచి అడగండి. నోటిమాట వద్దు, తీర్మానంగా రాయించుకుని సంతకం పెట్టించండి.